వాగు ఊళ్లోకి వస్తే

2023 జులై 27 ఉదయం ఎనిమిదిన్నరకు ముగిసిన 24 గంటల్లో భూపాలపల్లి జిల్లా రేగొండలో 467 మిల్లీమీటర్ల వాన పడింది. ఎకరం నేల మీద ఆ వాన సుమారు 19 లక్షల లీటర్ల నీరవుతుంది. ఈ ప్రాంతంలో ఏడాది పొడవునా పడే వానలో సగానికి దగ్గరి లెక్క అది. పక్క మండలం చిట్యాలలో 616.5 మిల్లీమీటర్లు, థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్న చెల్పూరులో 475.8 నమోదయ్యాయి. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో పడిన 649.8 మిల్లీమీటర్లు తెలంగాణలో ఒక్కరోజు వానకు రికార్డు. అంతకుముందు రికార్డు 2013 జులైలో వాజేడులో పడిన 517.5 మిల్లీమీటర్లది. చెరువులన్నీ ఒకేసారి మత్తడి దుంకాయి, కట్టలకు గండ్లు పడ్డాయి, వాగులు దారి మరిచి ఊళ్ల మీద పడ్డాయి.

రేగొండ నుంచి భూపాలపల్లి వెళ్లే రోడ్డు మీద ఉన్న మోరంచపల్లిని ఆ తెల్లవారుజామున మోరంచవాగు ముంచేసింది. నిద్ర లేచేసరికి నీళ్లు వాకిలి దాటి ఇంట్లోకి వచ్చాయి. స్లాబు ఇళ్లున్నవాళ్లు మిద్దెలెక్కారు, లేనివాళ్లు వాళ్ల మిద్దెల మీదికే చేరారు. కొందరు చెట్లెక్కారు, రోడ్డు మీద చిక్కుకున్న డ్రైవర్లు లారీల మీదికెక్కారు. ఊరివాళ్లలో నలుగురిని వరద తీసుకుపోయింది. కొట్టాల్లో కట్టేసిన పశువులు కట్టేసినచోటే చనిపోయాయి. హెలికాప్టర్లు, జాతీయ విపత్తు స్పందన దళం (ఎన్డీఆర్ఎఫ్) పడవలు వచ్చి ఊరిని ఖాళీ చేయించాయి. చిట్యాల మండలం నైన్‌పాక దగ్గర జేసీబీ మీద చిక్కుకున్న ఆరుగురిని వాయుసేన హెలికాప్టర్ పైకి లాగి కాపాడింది. అదే రోజు ఏటూరునాగారం మండలం కొండాయిలో జంపన్నవాగు ఎనిమిది మందిని బలితీసుకుంది.

ఇంటి సన్నద్ధత గురించి ఈ ప్రాంతంలో మాట్లాడాలంటే ఆ తెల్లవారుజాము నుంచే మొదలుపెట్టాలి. వాగు పొంగడానికీ పడవ రావడానికీ మధ్య కొన్ని గంటల ఎడం ఉంటుంది. ఆ గంటల్లో ప్రాణాలు కాపాడేది ఇంట్లోవాళ్లూ పక్కింటివాళ్లే. తెలుగు రాష్ట్రాల కోసం ఉన్న ఎన్డీఆర్ఎఫ్ 10వ బెటాలియన్ కేంద్రం విజయవాడ దగ్గరి కొండపావులూరులో ఉంది. అక్కడి నుంచి బయల్దేరినా, ముందే జిల్లాలకు పంపిన దళాలు కదిలినా, రోడ్లు తెగిన రోజు ఊరికి చేరడానికి సమయం పడుతుంది. వాన ఆగకపోతే హెలికాప్టర్ కూడా ఎగరలేదు. 2024 సెప్టెంబర్ 1న ఖమ్మంలో మున్నేరు వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుంటే, హెలికాప్టర్ రాలేని వాతావరణంలో వాళ్లను ఒడ్డుకు చేర్చింది ఒక జేసీబీ డ్రైవర్. 1995 జనవరి 17న జపాన్‌లోని కోబె భూకంపంలోనూ శిథిలాల కింద నుంచి ప్రాణాలతో బయటపడ్డవారిలో అత్యధికులను బయటికి తీసింది కుటుంబసభ్యులు, ఇరుగుపొరుగువాళ్లు. జపాన్ ప్రభుత్వం ప్రతి ఇల్లూ కనీసం మూడు రోజులకు, వీలైతే వారానికి సరిపడా తిండి, నీళ్లు ఉంచుకోవాలని చెబుతుంది. స్వీడన్ ఇలాంటి సూచనలతో 2018లో ఒక చిన్న పుస్తకం అచ్చువేసి దేశంలోని ఇళ్లన్నిటికీ పంపింది.

ఆ దేశాల సూచనలు ఎక్కువగా సరుకు కొని పెట్టుకోమని చెబుతాయి. రేగొండ చుట్టుపక్కల పల్లెలకు అసలు చిక్కు అక్కడ లేదు. ఇక్కడి రైతు ఇంట్లో ఏడాది తిండిగింజలుంటాయి. చింతపండు, ఎండు మిరపకాయలు, పచ్చళ్లు, పప్పులు, బెల్లం ఏ నెలలో చూసినా కనిపిస్తాయి. ఇవన్నీ ఉండేది నేల మీద. బియ్యం బస్తాలు గోడవారగా, వడ్లు గరిసెలో లేదా అర్ర మూలన, గ్యాస్ బండ వంటింటి గడప పక్కన, పాసుబుక్కులు ట్రంకు పెట్టెలో, ఆ పెట్టె మంచం కింద. మూడడుగుల నీళ్లు ఒక్క గంట నిలిస్తే ఏడాది సంపాదన ముద్దవుతుంది. అందుకే ఇక్కడ సన్నద్ధత అంటే మొదట ఎత్తు. ఏ వస్తువు ఎంత ఉందన్న దానికన్నా నేల నుంచి ఎంత పైన ఉందన్నదే ఇంటిని నిలబెడుతుంది.

జూన్ మొదట్లో, మృగశిర కార్తెకు ముందు, ఇల్లంతా ఒకసారి ఆ కళ్లతో చూసుకోవాలి. గత వరదలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో పాత గోడల మీద మట్టి చార చెబుతుంది. చార చెరిగిపోతే ఊళ్లో పెద్దవాళ్లను అడగాలి. ఆ గీతకు రెండడుగుల పైన అటక గానీ, గోడకు బిగించిన బలమైన చెక్క గానీ ఉండాలి. నెలకు సరిపడా బియ్యం ఒక డబ్బాలో, విత్తనాలు మరో డబ్బాలో, కాగితాలు మందపాటి పాలిథీన్ కవర్లో మూతి కట్టి అక్కడ పెట్టాలి. పెంకుటింట్లో అటక మీదికి నీళ్లు చేరేలా ఉంటే, ఆ ఇంటికి భద్రమైన చోటు పక్కింటి స్లాబు. ఆ మాట వానాకాలానికి ముందే ఆ ఇంటివాళ్లతో మాట్లాడి పెట్టుకోవాలి.

ఎత్తులో పెట్టడానికి ఒక అడ్డు ఉంది. 2024 డిసెంబర్ 4 ఉదయం 7.27 గంటలకు ములుగు జిల్లా కేంద్రంగా 5.3 తీవ్రతతో భూమి కంపించింది. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చిన భూకంపం తర్వాత గోదావరి తీరంలో అంతటిది ఇదే. అటక మీద బరువైన బిందెలు, బస్తాలు పేర్చి, వాటి కిందే మంచం వేసుకుంటే వరదకు మంచిదైన ఏర్పాటు కంపానికి ప్రమాదమవుతుంది. బరువైనవి ఎప్పుడూ మనుషులు పడుకునే చోటికి దూరంగా ఉండాలి, తాడుతో గోడ కొక్కేనికి బిగించి ఉండాలి.

హెచ్చరిక అందాక చేసే పనులు కొన్నే, కానీ వరుస తప్పకూడదు. వాతావరణ శాఖ ఎర్ర హెచ్చరిక ఇస్తే సెల్‌ఫోన్లకు పెద్ద శబ్దంతో ప్రభుత్వ సందేశాలు వస్తున్నాయి. పిడుగులకు దామిని యాప్ ఉంది. ఇవి ఎన్ని ఉన్నా, ఎగువ చెరువు మత్తడి ఎంత దుంకుతోందో పై ఊరివాళ్లకు ఒక్క ఫోన్ చేసి తెలుసుకోవడం ఈ వాగుల విషయంలో ఎక్కువ అక్కరకొస్తుంది. ఎందుకంటే వాన ఇక్కడ ఆగిపోయినా వరద పైనుంచి వస్తుంది. ముసలివాళ్లను, నెలలు నిండిన గర్భిణులను, బాలింతలను, డయాలసిస్ చేయించుకునేవాళ్లను వెలుతురు ఉండగానే ఎత్తయిన చోటికి లేదా టౌనుకు పంపేయాలి. తర్వాత పశువుల పలుపులు విప్పాలి. పశువుకు ఈత వచ్చు, గట్టు వైపు దారి కూడా తెలుసు. దాన్ని చంపేది గుంజకు కట్టిన తాడే. కోళ్ల గంపలు మిద్దె మీదికి చేర్చాలి. గ్యాస్ రెగ్యులేటర్ కట్టేసి బండను తాడుతో కట్టాలి, లేకపోతే నీళ్లలో తేలి గోడలకు కొట్టుకుంటుంది. నీళ్లు గడప తాకకముందే మెయిన్ స్విచ్ దించాలి. పొలం మోటారు స్టార్టరు దగ్గరికి ఆ సమయంలో వెళ్లకూడదు. మోటారు పోతే మళ్లీ కొనుక్కోవచ్చు.

వాగు దాటే ప్రయత్నం ఇంట్లో ఎవరూ చేయకూడదు. వేగంగా పారే అరడుగు నీళ్లు మనిషి కాళ్లు తప్పిస్తాయి, అడుగు నీళ్లు చిన్న కారును పక్కకు నెడతాయి, రెండడుగులు చాలా వాహనాలను తేల్చేస్తాయి. 2024 సెప్టెంబర్ 1 తెల్లవారుజామున మహబూబాబాద్ జిల్లా మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం దగ్గర ఆకేరువాగు వంతెన మీదికి వచ్చిన వరదలో ఒక కారు కొట్టుకుపోయి, విమానాశ్రయానికి బయల్దేరిన తండ్రీకూతుళ్లు చనిపోయారు. అదే వానకు కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కంకర కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. రోడ్డు కనిపిస్తోంది కదా అని దాని కింద నేల ఉందనుకోకూడదు.

చుట్టూ నీళ్లున్నా మిద్దె మీదివాళ్లకు మొదట కరువయ్యేది తాగునీరే. మనిషికి తాగడానికి, వండుకోవడానికి రోజుకు నాలుగు లీటర్లు పెట్టుకున్నా ఐదుగురు ఇంట్లో మూడు రోజులకు 60 లీటర్లు కావాలి. అంటే 20 లీటర్ల క్యాన్లు మూడు. కరెంటు పోయినా, పైపు తెగినా మిషన్ భగీరథ నల్లా ఆగిపోతుంది. బోరుబావి వరద నీటిలో మునిగితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. కాబట్టి ఎర్ర హెచ్చరిక వచ్చిన రాత్రి ఇంట్లో ఉన్న బిందెలన్నీ నింపి మూతలు పెట్టి పైకి చేర్చడం మంచి అలవాటు. వాన పడుతూ ఉంటే ఇంకో దారి ఉంది. వడ్లు, మిర్చి ఆరబోసుకునే టార్పాలిన్ రైతుల ఇళ్లలో ఎలాగూ ఉంటుంది. శుభ్రమైన టార్పాలిన్‌ను మిద్దె మీద నాలుగు వైపులా కట్టి, మధ్యలో వాలు వచ్చేలా వదిలి, కింద గంగాళం పెడితే చాలు. ఆరు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పున్న టార్పాలిన్ మీద పది మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 240 లీటర్లు చేరుతాయి. మొదటి పది నిమిషాల నీళ్లు దుమ్ముతో ఉంటాయి కాబట్టి పారబోయాలి. మిర్చికి మందు కొట్టే రోజుల్లో వాడిన టార్పాలిన్ మాత్రం ఈ పనికి వాడకూడదు. పట్టిన నీటిని గుడ్డతో వడకట్టి, పొంగు వచ్చాక ఒక నిమిషం మరిగిస్తే తాగొచ్చు. మరిగించే వీలు లేకపోతే క్లోరిన్ మాత్రలు వేసుకోవచ్చు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ఆశ కార్యకర్త దగ్గర వీటిని ముందే అడిగి తెచ్చుకోవాలి. ప్యాకెట్ మీద రాసినన్ని లీటర్లకే ఒక మాత్ర, అరగంట ఆగి తాగాలి.

తిండి విషయంలో మూడు రోజులకు పొయ్యి అక్కర్లేనివి ఉండాలి. అటుకులు, పేలాలు, పల్లీలు, పుట్నాలు, బెల్లం, మక్క సత్తు, కారప్పూస లాంటివి ఈ ఇళ్లకు కొత్తవి కావు. అటుకులు చల్లటి నీళ్లలోనే నానుతాయి, బెల్లం కలిపితే పిల్లలు తింటారు, కడుపు నిండుతుంది. ఐదుగురికి రెండు కిలోల అటుకులు, కిలో పల్లీలు, కిలో బెల్లం మూతి బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో ఎప్పుడూ పక్కన ఉంటే అది చాలా ధైర్యం. వండిన అన్నం వానాకాలపు ఉక్కలో ఒక్క పూట నిలవదు, కాబట్టి దాన్ని ముందే తినేయాలి. పాలు తాగే పిల్లలకు తల్లిపాలు ఆపకూడదు. డబ్బాపాలకు కావాల్సిన మరిగించిన నీళ్లు, కడిగిన సీసా వరదలో దొరకవు, అలా కలిపిన పాలతోనే విరేచనాలు మొదలవుతాయి. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో కలిపి ఇవ్వాలి. అది లేకపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ చెంచా అంచుకు సమంగా కొలిచి కలిపినా పనిచేస్తుంది. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం కాబట్టి కొలత తప్పకూడదు.

మందుల సంగతి ఇళ్లలో ఎక్కువగా మరిచిపోతారు. బీపీ, షుగర్, మూర్ఛ, క్షయ, హెచ్ఐవి మందులు ఒక్కరోజు ఆగినా నష్టమే, అయినా నెలాఖరుకు డబ్బా అడుగున నాలుగు మాత్రలే మిగిలి ఉంటాయి. వానాకాలంలో పదిహేను రోజుల మందు అదనంగా ఉండేలా ముందే తెచ్చుకోవాలి. చీటీని ఫోటో తీసి ఉంచుకుంటే మందుల పేర్లు గుర్తులేకపోయినా ఏ డాక్టరైనా రాసివ్వగలడు. ఇన్సులిన్‌ను ఫ్రిజ్ లేకపోయినా తడి మట్టికుండలో, నీళ్లు తగలకుండా కవర్లో కట్టి పెడితే కొన్ని వారాలు నిలుస్తుంది. ఎండలో మాత్రం ఉంచకూడదు. ఈ మందులు, నెలసరి గుడ్డలు లేదా ప్యాడ్లు, ఒక దుప్పటి మిద్దె మీదికి తీసుకెళ్లే ఒక సంచిలో ఉండాలి, దాని పక్కన ఒక పెద్ద బకెట్ ఉండాలి. మిద్దె మీద యాభై మంది ఉన్నప్పుడు ఆడవాళ్లకు మూలన ఒక చీర అడ్డం కట్టుకునే వీలుండటం ఎంత అవసరమో వరద అనుభవించినవాళ్లకు తెలుసు. సహాయ సామగ్రి జాబితాలు రాసేవాళ్లు ఈ విషయం ఇంకా సరిగా పట్టించుకోవడం లేదు.

తిండి, మందులే కాదు, డబ్బు, ఫోన్ సంగతి కూడా ముందే చూసుకోవాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకాక నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. ఏటీఎంలు ఆగిపోయాయి, పాలకూ తాగునీళ్లకూ పెట్రోలుకూ జనం వరుసలు కట్టారు. ఇప్పుడు ఊళ్లో కిరాణా కొట్టు కూడా ఫోన్‌తో చెల్లిస్తేనే నడుస్తోంది. టవరు పడిపోతే ఆ డబ్బు చేతికి రాదు. కాబట్టి చిన్న నోట్లుగా రెండు మూడు వేలు పొడి కవర్లో ఉండాలి. పాత కీప్యాడ్ ఫోన్ ఒకటి ఛార్జింగ్ చేసి ఆపి ఉంచితే నాలుగైదు రోజులు పనిచేస్తుంది. ముఖ్యమైన నంబర్లు ఫోన్లోనే ఉంటే ఫోన్ తడిసినప్పుడు ఏదీ గుర్తుకురాదు, అందుకే కాగితం మీద రాసి గోడకు అంటించాలి. అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, జిల్లా విపత్తు కంట్రోల్ రూముకు 1077. బ్యాటరీతో నడిచే చిన్న రేడియో వాడకట్టుకు ఒకటైనా ఉంటే ఆకాశవాణి వార్తలు అందుతాయి.

ఇంటి స్వయంసమృద్ధికి ఊరే హద్దు. చెరువుల్లో చేపలు పట్టేవాళ్ల దగ్గర వలలు, తాళ్లు, గాలి నింపిన ట్యూబులు ఉంటాయి, వాగు గుణం వాళ్లకు తెలుసు. జేసీబీ, ట్రాక్టర్ ఉన్నవాళ్లు, ఈత వచ్చినవాళ్లు, నర్సుగా పనిచేసినవాళ్లు, కరెంటు పని తెలిసినవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. వీళ్ల పేర్లు గ్రామ పంచాయతీలో ఒక పుస్తకంలో రాసి పెట్టాలి. అలాగే ఒంటరిగా ఉండే ముసలివాళ్లు, నడవలేనివాళ్లు ఏ ఇంట్లో ఉన్నారో, వాళ్లను ఎవరు మోసుకెళ్లాలో ముందే తేల్చుకోవాలి. చెప్పినంత సులువు పని కాదిది, కులాల గోడలు, పాత తగాదాలు అడ్డొస్తాయి. ఒక కులం వాళ్ల మిద్దె మీదికి ఇంకో కులం వాళ్లు ఎక్కడానికి వెనకాడే ఊళ్లు ఇంకా ఉన్నాయి. ఎండాకాలంలో గ్రామసభలో కూర్చుని ఏ వాడకట్టు ఏ మిద్దెకు వెళ్లాలో తేల్చి గోడ మీద రాస్తే ఆ వెనకాడటం తగ్గుతుంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో మొదలుపెట్టిన ఆపదమిత్ర పథకం కింద స్థానిక యువతకు ఈత, ప్రథమ చికిత్స, సహాయక పనుల్లో శిక్షణ ఇస్తున్నారు. ఊరికి ఇద్దరు ముగ్గురిని పంపించుకోవడం పంచాయతీ చేయగలిగిన మంచి పని.

నీళ్లు తీశాక ప్రమాదం తగ్గిందనుకోవడం పొరపాటు. తడిసిన మట్టిగోడలు వాన ఆగిన రెండు మూడు రోజులకు కూలతాయి. ఎండ వచ్చింది కదా అని ఆ రాత్రే ఆ ఇంట్లో పడుకున్నవాళ్లు గోడ కింద చనిపోయిన సందర్భాలు ప్రతి వానాకాలంలో వార్తల్లోకి వస్తున్నాయి. గోడ అడుగు ఉబ్బినా, పగులు పైకి పాకినా లోపలికి వెళ్లకూడదు. కరెంటు తీగలు చూసి సరేనని లైన్‌మన్ చెప్పేదాకా మెయిన్ వేయకూడదు. వడ్ల బస్తాల మధ్య, చెప్పుల్లో, పరుపు కింద పాములు, తేళ్లు చేరి ఉంటాయి. అందుకే కర్రతో కదిపి, కాళ్లకు బూట్లు వేసుకుని, టార్చి వెలుగులో శుభ్రం చేయాలి. పాము కరిస్తే కోయడం, పీల్చడం, గట్టిగా తాడు కట్టడం ప్రాణానికి ముప్పు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, నడిపించకుండా ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్లాలి. విషానికి విరుగుడు మందు అక్కడే ఉంటుంది. బురదనీళ్లలో తిరిగాక జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ కావచ్చని డాక్టరుకు చెప్పాలి. మంచినీళ్ల బావిలో వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ కలిపి, రాత్రంతా ఆగాకే తోడుకోవాలి.

తడిసిన వడ్లను ఆరబెట్టగలిగితే సరే, బూజు పట్టినవి మనుషులకు గానీ పశువులకు గానీ పెట్టకూడదు. బూజుతో వచ్చే అఫ్లాటాక్సిన్ విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఎండబెట్టినా వండినా పోదు. విత్తనాల డబ్బా అటక మీద మిగిలి ఉంటే ఆ నెలలోనే మళ్లీ నారు పోసుకోవచ్చు. జులై వరదలో పత్తి మొలకలు, వరినారు పోయిన రైతుకు రెండోసారి విత్తనం దొరకడమే పెద్ద దెబ్బ నుంచి తేరుకునే మొదటి మెట్టు.

పరిహారం కోసం ఇల్లు కడగడానికి ముందే ఫోటోలు తీయాలి. గోడ మీది నీటి గీత, కూలిన గోడ, తడిసిన ధాన్యం, చనిపోయిన పశువు, ఒక్కోటి వేర్వేరుగా, వీలైతే తేదీ కనిపించేలా. చనిపోయిన పశువును పశువైద్యుడు చూసి ధ్రువీకరించకముందే పూడ్చేస్తే దరఖాస్తు నిలవదు. 2022 నుంచి 2026 దాకా వర్తించేలా చేసిన కేంద్ర నిబంధనల్లో పాడి ఆవు లేదా గేదెకు రూ.37,500, దుక్కిటెద్దుకు రూ.32,000, గొర్రె లేదా మేకకు రూ.4,000, మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి రూ.1.20 లక్షలు చొప్పున నిర్ణయించారు. గ్రామ కార్యదర్శి, రెవెన్యూ సిబ్బంది లెక్క రాసుకునేటప్పుడు ఇంటివాళ్లు దగ్గరుండి పేరు, సర్వే నంబరు సరిగ్గా రాశారో లేదో చూసుకోవాలి. కౌలుకు చేసే రైతులకు ఇక్కడే అన్యాయం జరుగుతుంది, భూమి వేరొకరి పేరున ఉండటంతో పంట నష్టం డబ్బు వాళ్లకు చేరదు. కౌలు ఒప్పందం కాగితం మీద లేకపోతే ఈ నష్టం ప్రతి వరదలో వచ్చిపడుతూనే ఉంటుంది. ఆధార్, రేషన్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు డిజిలాకర్‌లో పెట్టుకుంటే అసలు కాగితాలు తడిసినా మళ్లీ తీసుకోవచ్చు. పట్టాదారు పాసుబుక్కు నకలు కూడా రెవెన్యూ కార్యాలయంలో దొరుకుతుంది.

మిద్దె మీదికి తీసుకెళ్లే సంచిని ఏడాదికి రెండుసార్లు తెరిచి చూడాలి, మృగశిరకు ముందొకసారి, దీపావళి దాటాక ఒకసారి. బంగాళాఖాతం తుపానులు ఇక్కడికీ వస్తాయి కాబట్టి రెండోది మానకూడదు. 2025 అక్టోబర్ చివర మొంథా తుపాను తీరం దాటాక ఓరుగల్లు వీధుల్లో నీళ్లు నిలిచాయి. సంచి తెరిచినప్పుడు మాత్రల గడువు తేదీలు, టార్చి బ్యాటరీలు చూసి పాతవి తీసేయాలి. అటుకులు, పల్లీలు ఇంట్లో వాడేసుకుని కొత్తవి నింపాలి. క్యాన్లలో నీళ్లు ఆరు నెలలకొకసారి మార్చాలి. పిల్లలు పెరిగి ఉంటే సంచిలోని బట్టలు మార్చాలి, ఇంట్లో ఎవరికైనా కొత్తగా షుగరు వచ్చి ఉంటే ఆ మందు చేర్చాలి.